గృహములందు నల్లుల జాడను కనిపెట్టు విధము

మంథని ప్రాంతమున వరి, ప్రత్తి పండించు రైతు ఆకు త్రిప్పి చూచి పైరునకు పట్టిన పురుగును గుర్తించును. కాని తాను పరుండు మంచమునందు చేరిన నల్లిని అది విస్తారముగా పెరిగిన పిమ్మటగాని కనుగొనడు. అప్పుడు విసిగి, చేనిమందును ఇంటిలో చల్లి ప్రాణాపాయము తెచ్చుకొనువారును కలరు. కావున నల్లి యొక్క గుర్తులను మొదటనే తెలిసికొనుట మేలు.

నల్లి స్వరూపము

పెరిగిన నల్లి కందిబద్దంత పరిమాణము కలిగి, పలుచగా, ఎరుపు కలిసిన గోధుమవన్నెతో నుండును. దీనికి రెక్కలు లేవు, దుముకదు, ప్రాకును. రక్తము త్రాగినంతట ఉబ్బి ఎఱ్ఱనగును. పశువుల పిడుదును చూచి కొందరు నల్లియని భ్రమపడుదురు. పెరిగిన పిడుదునకు ఎనిమిది కాళ్ళుండును, నల్లికి ఆరే. బియ్యములోని ముక్కుపురుగు వేరు; నల్లి ధాన్యమును ముట్టదు, రక్తమే దాని ఆహారము.

ఆడునల్లి తన జీవితకాలమున రెండువందలకు పైగా గ్రుడ్లు పెట్టగలదు. గ్రుడ్డు తెల్లగా సుమారు 1 మిల్లీమీటరు పొడవుండి, ఉష్ణకాలమున వారము పదిదినములలో పొదుగును. పిల్ల ఐదుమార్లు కుబుసము విడిచి పెద్దదగును.

గుర్తులు

1. ఉదయమున లేచునప్పటికి మెడ, చేతులపై దురదతో కూడిన దద్దురులు, ఒక్కొక్కప్పుడు వరుసగా, కనబడును. అయితే దోమకాటును ఇట్లే యుండవచ్చును. కొందరికి నల్లి కుట్టినను గుర్తు పడదు. కావున కాటును మాత్రమే నమ్మరాదు.

2. దుప్పటిపైనను, మంచపుపట్టెపైనను ఆవగింజకన్న చిన్నవైన నల్లని చుక్కలు పడును. ఇవి నల్లి మలము. తడిగుడ్డతో రుద్దినచో మరక వ్యాపించును.

3. సందులయందు తేలికైన గోధుమవన్నె కుబుసములును, తెల్లని గ్రుడ్లును ఉండును.

4. నల్లులు మిక్కుటమైనచో ముక్కునకు వెగటైన వాసన కొట్టును.

వెదకవలసిన స్థలములు

కోళ్ళును పట్టెలును కలియు చోట్లు, నులక అల్లిక, పరుపు అంచుల కుట్లు, బొంతలు, గోడ పగుళ్ళు, తలుపు చట్రములు మొదట చూడవలెను. ఇంటికి ఆనించిన కోళ్ళగూటిని మరువరాదు. కోడిరక్తముతోడను నల్లి బ్రదుకును. తెల్లవారకమునుపు దీపముతో వెదకుట శ్రేష్ఠము. పగటివేళ తెల్లనిగుడ్డ పరచి, దానిపై మంచమును దులిపినచో నల్లులు రాలును. పాత మంచము కొన్నప్పుడును, గోదావరి పుష్కరములవంటి సమయములందు చుట్టములు మూటలతో వచ్చినప్పుడును ఈ పరీక్ష తప్పక చేయవలెను.

చేయవలసినది, చేయరానిది

నల్లియు దాని గ్రుడ్డును 50 డిగ్రీల సెల్సియస్ వేడికి చచ్చును. మంచమును వాకిటికి తెచ్చి సందులలో సలసల కాగిన నీరు పోయవలెను, బట్టలను ఉడుకబెట్టవలెను. ఎండలో నుంచినంత మాత్రమున చాలదు. నల్లి నీడగల సందులోనికి జొచ్చి దాగును. పగుళ్ళను మన్నుతోగాని సున్నముతోగాని పూడ్చవలెను. తప్పిన గ్రుడ్లు పొదుగును గనుక వారమునకొకమారు మరల వెదకి, మూడు నాలుగుమార్లు ఇట్లే చేయవలెను.

మందులపై మిక్కిలి ఆధారపడరాదు. డి.డి.టి.కి లొంగని నల్లులు 1947లోనే హవాయి ద్వీపములందు కనబడెను. పిమ్మట భారతదేశమునను అట్టివి బయలుపడెను. ప్రత్తికి కొట్టు మందును ఇంటిలో చల్లుట మహాపాయకరము. ధాన్యమునకు వాడు అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలనుండి వెలువడు వాయువు గదిలో నిద్రించువారిని చంపును. కిరసనాయిలు పోసినచో నిప్పంటుకొను భయము కలదు.

నల్లివలన సామాన్యముగా అంటురోగములు వ్యాపించునని రుజువు కాలేదు. అయినను నిద్రాభంగము వలన మరునాటి పని చెడును. గోకిన చోట పుండ్లు పడును. మిక్కిలి హెచ్చినచో పసిపిల్లలు రక్తహీనులగుదురు. వారమునకొకమారు మంచమును పరీక్షించు గృహమున ఈ బాధ పెరుగనేరదు.