రజోనివృత్తి – దాంపత్యేచ్ఛ

యాభై రెండేళ్ళ గృహిణి ఒకరు నా వద్దకు వచ్చి, "ఆయన దగ్గరకు వస్తేనే బెదురుగా ఉంటోందండీ, నాలో ఏమి లోపం?" అని అడిగారు. భార్యకు తనపై అనురాగం సన్నగిల్లిందని భర్త అనుమానం. విచారించగా తేలినది ఒక్కటే: ఆమెలో ప్రేమ తగ్గలేదు, కలయికలో కలిగే మంట వల్ల భయం పుట్టింది.

కారణములు

రజస్సు 12వ ఏట మొదలై 50వ ఏట నిలుస్తుందని సుశ్రుతుడు చెప్పాడు. వరుసగా 12 నెలలు బహిష్టు రాకుంటే రజోనివృత్తి జరిగినట్లు. ఈ దశలో ఈస్ట్రోజన్ తగ్గి, యోనిలోని పొర పలుచబడి పొడిబారుతుంది. ఆయుర్వేదం దీనిని వాతవృద్ధిగా భావిస్తుంది. వేడి ఆవిర్లు, నిద్రలేమి, మనోవ్యాకులతకు వాడే కొన్ని మందులు సైతం కోరికను తగ్గిస్తాయి. గర్భభయం తీరినందున కొందరిలో అది పెరుగుతుంది కూడా. రెండూ సహజమే.

చికిత్స

కలయికకు ముందు స్వచ్ఛమైన కొబ్బరినూనె పూసుకుంటే రాపిడి తగ్గుతుంది. నిరోధ్ వాడేవారు మాత్రం నూనె పూయరాదు, రబ్బరు చిరుగుతుంది. శతావరి (పిల్లిపీచర) చూర్ణం 3 గ్రాములు గోరువెచ్చని పాలతో రాత్రి సేవించడం మన సంప్రదాయం. ఇది బలకరమే గాని, కోరికను వెంటనే రప్పించే మందు కాదు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు వైద్యుని అడగక వాడరాదు. మంట తగ్గకుంటే స్త్రీవైద్య నిపుణులు పరీక్షించి, తగినవారికి ఈస్ట్రోజన్ లేపనం ఇస్తారు. ముట్లుడిగాక మళ్ళీ రక్తం కనిపిస్తే ఆలస్యం చేయక చూపించుకోవాలి.

ఆ గృహిణి భర్తను కూడా పిలిపించి ఈ సంగతులు వివరించాను. ఆయన తొందర మానారు. రెండు నెలలలో ఆమె బెదురు తగ్గింది. కాబట్టి సోదరీమణులారా, బాధను మౌనంగా భరించకండి, భర్తతో చెప్పండి. భర్తలు కూడా అడిగి తెలుసుకోవాలి.