ఓడ పోయిన తరువాత

పాఠ్యభాగము: అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము



పౌలు ఎక్కిన ఓడ బ్రద్దలైన సంగతి మనము చిన్ననాటినుండి వినుచున్నదే. ఈ నెల దాని ప్రక్కన మరియొక ఓడ కథను పెట్టి చూతము. అది దండయాత్రకు గాని వర్తకమునకు గాని పోయిన ఓడ కాదు. తలిదండ్రులు తమ పిల్లలతో దీవులు చూడబోయిన ఓడ.

1. ప్రయాణము

ఇంగ్లండులో డూగల్ రాబర్ట్‌సన్ అను నతడు మొదట ఓడలలో పనిచేసి, పిమ్మట పాడిపశువులను పెట్టుకొని సేద్యము చేసినవాడు. భార్య లిన్ నర్సు. వారు కూడబెట్టిన సొమ్మంతయు పెట్టి లూసెట్ అను తెరచాపల ఓడను కొనిరి. అది 1922లో కట్టిన కొయ్య ఓడ. పొడవు 43 అడుగులు. 1971 జనవరి 27న నలుగురు పిల్లలతో ఫాల్మత్ రేవు విడిచిరి. వారిలో కడపటివారు కవలలైన మగపిల్లలు.

అట్లాంటిక్ సముద్రము దాటి, కరీబియన్ దీవులలో ఆగుచు సాగిరి. కుమార్తె బహామా దీవులలో ప్రయాణము చాలించెను. పనామాయొద్ద ఒక యువకుడు వారితో చేరెను. అటుపిమ్మట గలాపగోస్ దీవులు చూచి, దక్షిణ పసిఫిక్ దీవులకు తెరచాప లెత్తిరి.

1972 జూన్ 15న, గలాపగోస్‌కు పడమట సుమారు 200 మైళ్ల దూరమున, కిల్లర్ వేల్ అను పెద్ద సముద్ర జంతువులు ఓడను అడుగున గ్రుద్దెను. కొద్ది నిమిషములలోనే ఓడ మునిగిపోయెను. ఆరుగురును గాలి నింపిన రబ్బరు తెప్పను, ఒక చిన్న పడవను పట్టుకొని బ్రదికిరి. దక్కినవి కొన్ని బిస్కట్లు, ఉల్లిపాయలు, కొన్ని నారింజలు, నిమ్మకాయలు, ఒక వంటకత్తి, తల్లి కుట్టుపని బుట్ట, కొద్దిదినములకు చాలు నీరు.

2. తప్పెవరిది?

పిల్లలను అంత దూరము తీసికొనిపోవుట తగునా అని మనము అడుగుదుము. ఆ తెప్పలో కూర్చున్న తండ్రి హృదయమున ఎంత భారముండెనో తలిదండ్రులైన మనము ఊహింపగలము. కాని ఆ తెప్ప గాలి పోవుచుండెను, నోటితో ఊదవలెను. నీరు లోపలికి వచ్చుచుండెను, తోడి పోయవలెను. నింద ఒక్క దోసెడు నీటినైనను తోడదు.

పౌలును చూడుడి. ఈ ప్రయాణము హానికరమని అతడు ముందే చెప్పెను. శతాధిపతి వినలేదు. తుపాను పట్టినప్పుడు పౌలు ఆ మాటను ఒక్కసారి జ్ఞాపకము చేసెను; అంతటితో విడిచి, వెంటనే ధైర్యము చెప్పసాగెను. మన మైతే ఆ మొదటి మాటయొద్దనే సంవత్సరములు నిలిచిపోవుదుము. అప్పు చేసి వేసిన పైరు పోయినప్పుడు, ఎంచి చేసిన సంబంధము చెడినప్పుడు, నేను ముందే చెప్పలేదా అను మాట పొయ్యి వెలుగని యింట దినదినము వినబడుటను మేము ఎరుగుదుము.

3. దగ్గరి ఒడ్డు, చేరగల ఒడ్డు

గలాపగోస్ దగ్గరనే యుండెను. కాని గాలియు ప్రవాహమును ఎదురు. చిన్న పడవతో తిరిగి పోవుట అసాధ్యము. గాలివాటున పడమటనున్న దీవులు వేలకొలది మైళ్ల దూరము. నీరు లేక అంతవరకు బ్రదుకలేరు. ఉప్పునీరు త్రాగినయెడల ఆ ఉప్పును వెడలగొట్టుటకు శరీరము తనలోని నీటినే ఎక్కువగా వ్యయము చేయును. దప్పి తీరదు, ప్రాణము పోవును. కావున తండ్రి ఉత్తర దిక్కున, గాలులు సద్దుమణిగి వర్షములు కురియు ప్రాంతమును కోరెను. పడవకు తెరచాప కట్టి తెప్పను లాగించిరి. వాన కురిసెను, నీరు పట్టిరి. తాబేళ్లను, చేపలను పట్టి తినిరి. మిగిలిన మాంసమును ఎండబెట్టిరి.

4. చూడక పోయిన ఓడ

ఏడవ దినమున ఒక ఓడ కనబడెను. వెలుగు సంకేతములు పైకి వదలిరి. ఆ ఓడ చూడక సాగిపోయెను. అంతకంటె చేదైన గడియ ఏది? అయినను వారు ఆ దినమున పడిపోలేదు. ఎవరో వచ్చి రక్షింతురని కాక, తామే తీరము చేరవలెనని తీర్మానించుకొనిరి. 16 దినములకు పిమ్మట తెప్ప పనికిరాక పోగా, మూడు మీటర్ల పొడవుగల పడవలో ఆరుగురును కూర్చుండిరి. ఒకడు కదలినయెడల మిగిలినవారు సర్దుకొనవలెను.

పౌలు ఓడలోను ఇట్టిదే జరిగెను. నావికులు చిన్న పడవలో తాము మాత్రము తప్పించుకొన జూచిరి. వీరు ఉండనియెడల మీరును తప్పించుకొనలేరని పౌలు చెప్పగా, సైనికులు ఆ పడవ త్రాళ్లు కోసివేసిరి. పదునాలుగు దినములు ఆహారము ముట్టనివారియెదుట పౌలు రొట్టె పట్టుకొని, దేవునికి స్తోత్రము చెల్లించి తినెను. అప్పుడు అందరును తినిరి. తెల్లవారినప్పుడు ఓడ పోయెను గాని, 276 మందిలో ఒక్కడును పోలేదు.

రాబర్ట్‌సన్ కుటుంబమును 38వ దినమున, జూలై 23న, జపాను దేశపు చేపల ఓడ చూచి ఎక్కించుకొనెను. ఆరుగురును సజీవులే. అప్పటికి వారియొద్ద ఎండిన మాంసమును నీరును నిలువయుండెను. సహాయము వచ్చువరకు సోమరులై కూర్చున్నవారిని కాదు, పని చేయుచున్నవారిని అది కనుగొనెను.

5. మన యింటికి

మన యింటి ఓడ మునిగి యుండవచ్చును. దానిని ఎవరు నడిపిరను లెక్క తరువాత చూచుకొందము. ఈ రాత్రి పొయ్యి వెలిగింపుడి. ఉన్నదానికి స్తోత్రము చెప్పి, అందరును కలిసి తినుడి. ఎవరును తామొక్కరే దిగిపోక యుందురు గాక.

ఇంటిలో మాటలాడుకొనుటకు ప్రశ్నలు:

అ. పౌలు తన మొదటి హెచ్చరికను ఎన్నిసార్లు జ్ఞాపకము చేసెను? మన మెన్నిసార్లు చేయుదుము?

ఆ. మనము విడువవలసిన దగ్గరి ఒడ్డు ఏది? చేరగల ఒడ్డు ఏది?

ఇ. మనలను చూడక పోయిన ఓడను గూర్చి ఇంకను దుఃఖించుచు, నేటి పనిని మానితిమా?