ఎల్‌డీఎల్ పెరిగిందా? టీఎస్‌హెచ్ కూడా చూడండి

ఆఫీసులో ఏటా చేయించే హెల్త్ చెకప్ రిపోర్టు చేతికి రాగానే ముందు షుగర్ చూస్తాం, తర్వాత కొలెస్ట్రాల్. ఎల్‌డీఎల్ 160 దాటిందంటే వేపుళ్లు మానేస్తాం, నెయ్యి పక్కన పెడతాం, పొద్దున్నే నడక మొదలుపెడతాం. ఇంత చేసినా ఆ అంకె దిగకపోతే థైరాయిడ్ సంగతి తేల్చుకోవాలి. మీ ప్యాకేజీలో థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్ పరీక్ష లేకపోతే అడిగి చేయించుకోండి.

రక్తంలోని ఎల్‌డీఎల్‌ను పట్టి లోపలికి తీసుకునే గ్రాహకాలు కాలేయ కణాల మీద ఉంటాయి. అవి సరిపడా తయారవ్వాలంటే థైరాయిడ్ హార్మోన్ కావాలి. హార్మోన్ తగ్గితే గ్రాహకాలూ తగ్గుతాయి, కొలెస్ట్రాల్ రక్తంలోనే ఉండిపోతుంది. రక్తనాళాలు బిగుసుకుని కింది బీపీ కూడా పెరుగుతుంది. తిండి తగ్గించినా ఫలితం కనిపించని వాళ్లు తమను తాము నిందించుకోవడం చూస్తే బాధేస్తుంది. ఈ పరిస్థితిలో తప్పు వాళ్ల పళ్లెంలో లేదు.

కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర మొదలుపెట్టే ముందే టీఎస్‌హెచ్ చూసుకోవాలని గట్టిగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. థైరాయిడ్ లోపం సరికాకముందే స్టాటిన్ వేసుకుంటే కండరాల నొప్పులు వచ్చే అవకాశం ఎక్కువ. లోపం సరయ్యాక కొందరిలో ఎల్‌డీఎల్ దానంతటదే చాలావరకు దిగుతుంది. అలాగని ఇప్పటికే వాడుతున్న స్టాటిన్‌ను సొంతంగా ఆపేయకండి. షుగర్ ఉన్నవాళ్లకు, స్టెంటు వేయించుకున్నవాళ్లకు అది చాలా ముఖ్యం.

థైరాయిడ్ లోపిస్తే టీఎస్‌హెచ్ పెరుగుతుంది. అలాగని అది కాస్త పెరిగిన ప్రతివారికీ గుండెకు ముప్పు అనుకోనక్కర్లేదు. 11 అధ్యయనాల్లోని 55 వేల మందికి పైగా వివరాలను కలిపి చూసిన విశ్లేషణ ఒకటి 2010లో వెలువడింది. అందులో గుండెజబ్బు ముప్పు స్పష్టంగా పెరిగింది ముఖ్యంగా టీఎస్‌హెచ్ 10, ఆపైన ఉన్నవాళ్లలో. 4.5కీ 10కీ మధ్య ఉంటే వయసు, లక్షణాలు, బీపీ, పొగతాగే అలవాటు అన్నీ చూసి డాక్టరు నిర్ణయిస్తారు. గుండె ముప్పు అంచనాకు చూసే హోమోసిస్టీన్, సీఆర్‌పీ కూడా థైరాయిడ్ లోపంలో పెరగొచ్చు. కానీ వాటికోసం పెద్ద ప్యాకేజీ కొనాల్సిన పని లేదంటాను. బి విటమిన్లతో హోమోసిస్టీన్‌ను తగ్గించి చూసినా గుండెపోట్లు తగ్గలేదు. ఆ డబ్బుతో బీపీ మిషన్ కొనుక్కోవడం మేలు.

ఉద్యోగస్తులకు అసలు చిక్కంతా థైరాయిడ్ మాత్ర వేళ దగ్గరే. పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, కాఫీకైనా టిఫిన్‌కైనా అరగంట నుంచి గంట ఆగాలి. బస్సు అందుకునే హడావుడిలో కాఫీతోనే మింగేస్తే మందు సరిగా ఒంటబట్టదు. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం కావాలి. పొద్దున కుదరనివాళ్లు, నైట్ షిఫ్టు వాళ్లు డాక్టరుతో మాట్లాడి, భోజనమైన మూడు గంటల తర్వాత పడుకోబోయే ముందు వేసుకోవచ్చు. ఏ వేళ ఎంచుకున్నా రోజూ అదే పాటించండి.

టీఎస్‌హెచ్ రాత్రిపూట పెరుగుతుంది, నిద్ర లేకపోతే ఇంకా పెరుగుతుంది. అందుకే నైట్ డ్యూటీ దిగి నేరుగా ల్యాబుకు వెళ్లకుండా, సెలవురోజు నిద్రపోయి లేచాక రక్తం ఇవ్వండి. జుట్టు కోసం బయోటిన్ వాడుతుంటే కనీసం రెండు రోజుల ముందు ఆపాలి. అది టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికంటే తక్కువగా చూపించగలదు. డోసు మారిస్తే ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్లీ పరీక్ష చేయించి, కొలెస్ట్రాల్‌ను కూడా అప్పుడే చూపించుకోండి.

బరువు తగ్గుతామని డోసు పెంచుకునేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. హార్మోన్ ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది, ఎముకలు గుల్లబారతాయి. ఇదివరకే గుండెజబ్బు ఉంటే ఆ మాట డాక్టరుకు ముందే చెప్పండి. అలాంటివారికి సాధారణంగా 12.5 లేదా 25 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. డోసు పెంచాక గుండెదడ మొదలైతే తర్వాతి అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా అదే రోజు డాక్టరుకు చెప్పండి. ఛాతీనొప్పి వస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.