వరిచేలలో రంగుల ఉల్లంకి

నీరు నిలిచిన వరిచేలకు శీతకాలమున వలసవచ్చు ఉల్లంకి పిట్టలను రైతులెరుగుదురు. వానిని పోలినదే రంగుల ఉల్లంకి. ఇది ఏడాది పొడుగునా మన దేశముననే యుండును. పగలు గడ్డి దుబ్బులలో దాగి, ప్రొద్దుగ్రుంకు వేళ మేతకు వచ్చుటచే అరుదుగా కంటబడును.

గుర్తులు:

1. మామూలు ఉల్లంకి ముక్కు మిక్కిలి పొడవు, తిన్ననిది. దీని ముక్కు కొంత పొట్టి; కొన కొద్దిగా క్రిందికి వంగియుండును.

2. మామూలు ఉల్లంకి అరచుచు, మెలికలు తిరుగుచు వేగముగా ఎగిరిపోవును. ఇది కాళ్లు వ్రేలాడవేసి, మెల్లగా కొద్ది దూరమెగిరి వాలును.

3. రొమ్ము ప్రక్కనుండి భుజము మీదికి లేతరంగు పట్టె యుండును.

రంగు చూచి మోసపోరాదు. ఎఱ్ఱని గోధుమరంగు మెడ, కంటిచుట్టు తెల్లని మచ్చ గలది ఆడుపక్షి. మట్టిరంగు రెక్కలపై పసుపు చుక్కలు గలది మగది. సాధారణముగా నాలుగు గ్రుడ్లను ఇంచుమించు 19 దినములు పొదిగి, పిల్లలను సాకునది మగపక్షియే.

కావున గట్టుగడ్డి కోయునపుడు మాసిన రంగు పిట్ట కాళ్లముందు నుండి లేచినచో, కొడవలి నాపి చూడుడు. గ్రుడ్లున్న దుబ్బు చుట్టు మూరెడు గడ్డిని మూడు వారములు విడిచిపెట్టుడు. ఈ పక్షి పురుగులు, నత్తలతో పాటు కొన్ని గింజలను తినును. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి దీనిని వేటాడుట, గ్రుడ్లు తీయుట నేరము. గ్రామోద్యోగులు ఈ సంగతి అందరికి తెలియజెప్పవలెను.