శిలాజ ఫెర్నులు, శిలాజ జిగురులోని మొక్కలు – వరిమడి అజొల్లా అధ్యయనానికి వాటి ప్రయోజనం

ఉపోద్ఘాతం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల చెల్క, దుబ్బ నేలలు అధికభాగం గ్రానైటు, నైస్ శిలలు శిథిలమై ఏర్పడినవి. భూమిపై మొక్కలు ఆవిర్భవించడానికి ఎంతో పూర్వమే ఈ శిలలు ఘనీభవించినందున వీటిలో ఆకుల ముద్రలు లభించవు. కాని తూర్పున రామగుండం, మంథని వైపు గోండ్వానా అవక్షేప శిలలు, ఉత్తరాన ఆదిలాబాదు వైపు దక్కను లావా శిలలు ఉన్నాయి. ఈ రెండింటిలోనూ ప్రాచీన వృక్షజాలం భద్రమై ఉంది. ఆ వృక్షజాలంలోని ఒక ప్రజాతి నేటికీ మన వరిమడులలో జీవిస్తున్నది. అదే అజొల్లా. శిలాజాలు మొక్కను గురించి ఏమి చెప్పగలవు, ఏమి చెప్పలేవు, ఆ జ్ఞానం విస్తరణ కార్యక్రమానికి ఏ విధంగా తోడ్పడుతుంది అన్నవి ఈ వ్యాసంలో చర్చింపబడుతున్నాయి.

మొక్కలు భద్రమయ్యే మూడు విధానాలు

మొదటిది ఒత్తిడి ముద్ర. బురదలో పడిన ఆకుపై పొరలు పేరుకొని, అది పలుచని బొగ్గు పొరగా మిగులుతుంది. రామగుండం బొగ్గుపొరలతో పాటు లభించే గ్లాసోప్టెరిస్ ఆకులు ఈ కోవకు చెందినవి. అవి పెర్మియన్ యుగానివి, అనగా 25 కోట్ల సంవత్సరాలకు పూర్వపువి.

రెండవది సిలికీకరణం. నీటిలో కరిగిన సిలికా మొక్క కణజాలంలోనికి చొచ్చి గట్టిపడుతుంది. ఈ విధానంలో కణాల అమరిక కూడ సూక్ష్మదర్శినిలో స్పష్టంగా కనిపిస్తుంది. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల నాటి దక్కను లావా ప్రవాహాల మధ్య, సరస్సులలో ఏర్పడిన చెర్టు రాళ్ళు ఇందుకు చక్కని ఉదాహరణ.

మూడవది శిలాజ జిగురు, అనగా అంబరు. చెట్టు నుండి కారిన జిగురులో చిక్కిన పురుగు, పుప్పొడి, ఫెర్ను ఆకు ముక్క గాలికి, సూక్ష్మజీవులకు అందకుండా నిలిచిపోతాయి. గుజరాత్‌లోని వస్తాన్ లిగ్నైటు గనిలో లభించిన 5 కోట్ల సంవత్సరాలకు పైబడిన అంబరు, సాలవృక్షపు కుటుంబానికి చెందిన చెట్ల జిగురని రసాయన పరీక్షలలో తేలింది. మనం ధూపానికి వాడే గుగ్గిలం కూడ ఈ కుటుంబపు చెట్ల నుండియే వస్తుంది.

మయన్మార్‌లోని కచిన్ అంబరు సుమారు 9.9 కోట్ల సంవత్సరాల నాటిది. అందులో క్రెటాసిఫిలిక్స్, క్రామెరోప్టెరిస్ అను ఫెర్నులు వర్ణింపబడినాయి. అదే అంబరులో గడ్డిజాతిదిగా భావింపబడిన కంకిపై ఎర్గాట్‌ను పోలిన శిలీంధ్రాన్ని 2015లో వర్ణించి, దానికి పేలియోక్లావిసెప్స్ అని పేరిడినారు. జొన్నలో బంకకారు తెగులును కలిగించే క్లావిసెప్స్‌కు ఇది దగ్గరి బంధువుగా పరిగణింపబడుతున్నది. పంట, తెగులు కలిసి పరిణమించిన చరిత్రకు ఇటువంటి నమూనాలు ఆధారం.

అంబరు అడవి చెట్ల నుండి కారినది. కనుక చెట్ల మొదళ్ళపై, కొమ్మలపై పెరిగే ఫెర్నులు అందులో చిక్కుతాయి. నీటిపై తేలే అజొల్లా అందులో చిక్కే అవకాశం అత్యల్పం. ఒక మొక్క అంబరులో కనబడలేదు గనుక ఆ కాలంలో అది లేదని నిర్ణయించడం పొరపాటు.

ఆకు రూపాన్నిబట్టి నిర్ణయించరాదు

గ్లాసోప్టెరిస్ అన్న పేరుకు నాలుక వంటి ఫెర్ను అని అర్థం. 1828లో బ్రాన్యార్ ఈ పేరు పెట్టినపుడు వల వంటి ఈనెలను చూసి దానిని ఫెర్నుగా భావించినాడు. తరువాత ఆకులకు అంటియున్న విత్తన భాగాలు లభించడంతో అది విత్తనాలు గల మొక్క అని స్థిరపడింది. ప్రత్యుత్పత్తి భాగాలు లభించేవరకు వర్గీకరణ తాత్కాలికమే. పొలంలో ఊద మొలకను, వరి మొలకను ఆకు రూపంతోనే వేరుచేయబోయి పొరబడిన విద్యార్థికి ఈ పాఠం సులభంగా బోధపడుతుంది.

శిలలలో అజొల్లా

మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతపు చెర్టు రాళ్ళ నుండి బీర్బల్ సాహ్ని, హెచ్.ఎస్.రావు అజొల్లా ఇంటర్‌ట్రాపియా అను శిలాజ జాతిని వర్ణించినారు. దీనిని ఫెర్నుగా నిర్ణయించడానికి ఆధారం ఆకు కాదు, సిద్ధబీజాలు. ఆర్కిటిక్ సముద్రగర్భం నుండి 2004లో తీసిన మట్టిస్తంభంలోను అజొల్లా సిద్ధబీజాలు పొరలు పొరలుగా కనిపించినాయి. సుమారు 4.9 కోట్ల సంవత్సరాల క్రితం ఆ సముద్రపు ఉపరితలంపై మంచినీటి పొర ఏర్పడగా, అజొల్లా దాదాపు 8 లక్షల సంవత్సరాల కాలంలో పలుమార్లు అక్కడ విస్తరించినట్లు 2006లో ప్రకటితమైంది.

అజొల్లా ఆకు గదులలో నత్రజనిని స్థిరీకరించే నీలి ఆకుపచ్చ నాచు నివసిస్తుంది. ఇది సిద్ధబీజం ద్వారా తల్లి నుండి పిల్లకు సంక్రమిస్తుంది. దీర్ఘకాల సహజీవనంలో ఈ నాచు పెక్కు జన్యువులను కోల్పోయి, స్వతంత్రంగా జీవించే శక్తిని పోగొట్టుకున్నది. కనుక మడిలో విడిగా చల్లే నీలి ఆకుపచ్చ నాచు కల్చరు, అజొల్లా వేర్వేరు ఉత్పాదకాలు. ఒకదానికి బదులు మరొకటి అని రైతుకు చెప్పరాదు.

పొలంలో లెక్క

అజొల్లాలో నీరు అధికం. పచ్చి బరువులో పొడి పదార్థం 5–6 శాతం మాత్రమే. పొడి పదార్థంలో నత్రజని 4–5 శాతం ఉంటుంది. ఆ ప్రకారం ఒక టన్ను పచ్చి అజొల్లా 2–3 కిలోల నత్రజనిని ఇస్తుంది. చదరపు మీటరుకు ఒక కిలో చొప్పున మడి నిండితే ఎకరాకు 4 టన్నులు, అనగా 8–12 కిలోల నత్రజని. 45 కిలోల యూరియా బస్తాలో సుమారు 20.7 కిలోల నత్రజని ఉంటుంది. అనగా ఒకసారి నిండుగా పెరిగి, నేలలో కలియదున్నబడిన అజొల్లా దాదాపు అర బస్తా యూరియాకు సమానం. యూరియా అవసరమే లేదని చెప్పే ప్రచారం వలన ఒక పంటకాలంలోనే రైతు నమ్మకం పోతుంది. అర బస్తా ఆదా అన్న మాట నిలుస్తుంది.

అజొల్లాకు 20–30 డిగ్రీల ఉష్ణోగ్రత, నిలకడ నీరు, తగినంత భాస్వరం కావాలి. జగిత్యాల ప్రాంతంలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. మడిలో ఈ మొక్క ముఖ్యంగా ముక్కలుగా విడిపోయి వృద్ధి చెందుతుంది, సిద్ధబీజాల ద్వారా అరుదుగా. కనుక వేసవిలో తల్లి మొక్కలు నశిస్తే వానాకాలానికి విత్తనం మిగలదు. గ్రామస్థాయిలో చెట్టు నీడన లేక నీడవల క్రింద చిన్న తొట్టిలో మాతృమొక్కలను కాపాడటం ఈ కార్యక్రమానికి కీలకం. ఎర్రబారిన అజొల్లాను చూచి వెంటనే భాస్వర లోపమని నిర్ణయించరాదు. తీవ్రమైన ఎండ, చలి వలన కూడ అది ఎర్రబారుతుంది.

ఫెర్నుల మరొక ప్రయోజనం

లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు టెక్టేరియా అను ఫెర్ను నుండి తెల్లదోమను చంపే ప్రోటీనును గుర్తించి, దాని జన్యువును ప్రత్తిలో ప్రవేశపెట్టినట్లు 2016లో ప్రకటించినారు. 2018లో అజొల్లా, సాల్వీనియా జన్యుపటాలు వెలువడినపుడు, ఈ కోవకు చెందిన జన్యువు బాక్టీరియా నుండి ఫెర్నులకు సంక్రమించినదని వెల్లడైంది. ప్రస్తుతం ఇది పరిశోధనా ఫలితమే గాని రైతుకు సిఫారసు కాదు. అయినను, పంటకు పనికిరాదని భావించే మొక్కల జన్యుసంపదను పరిరక్షించవలసిన అవసరాన్ని ఇది సూచిస్తుంది.

క్షేత్రాభ్యాసం

విద్యార్థులు ఒక చదరపు మీటరు చట్రంతో మూడు మడులలో అజొల్లాను సేకరించి, నీరు కారనిచ్చి తూచవలెను. నీడన ఆరబెట్టి, పిదప ఓవెనులో ఎండబెట్టి పొడి బరువు శాతాన్ని గణించవలెను. పై లెక్కతో పోల్చి, ఎకరాకు లభించే నత్రజనిని నిర్ణయించవలెను. ఒక ఆకును గాజుపలకపై నలిపి, సూక్ష్మదర్శిని క్రింద నాచు గొలుసులను గుర్తించవలెను.

ముగింపు

కోట్ల సంవత్సరాల వాతావరణ మార్పులను తట్టుకొన్న అజొల్లా ప్రజాతి, ఒక మండు వేసవిలో ఒక గ్రామపు మడుల నుండి పూర్తిగా అంతరించగలదు. ప్రజాతి దీర్ఘాయువు స్థానిక మూలానికి రక్షణ కాదు. కనుక విస్తరణ శాస్త్రవేత్తలు అజొల్లా పంపిణీ కంటె ముందుగా వేసవిలో దానిని నిలిపే ఏర్పాటుపై దృష్టి సారించడం అవసరం.