తోట పుస్తకాలు – మన వెనక మడి

ఈ నెల గోడపత్రికకు తోటల మీద వచ్చిన పుస్తకాల గురించి రాయమని తెలుగు సారు నాకు చెప్పారు. మన లైబ్రరీలో రెండు బీరువాలున్నాయి గదా. ఒకదాంట్లో పనికొచ్చే పుస్తకాలు, రెండోదాంట్లో కథల పుస్తకాలు. మొక్కల సంగతి కావాలంటే మొదటి బీరువానే తెరవాలని నేను కూడా అనుకునేవాణ్ణి. అట్లా అనుకొని ఒక మడిని పాడు చేశాను. ముందు అది చెబుతాను.

నిరుడు జూలైలో వంటశాల వెనక టమాటా, వంగ నాటాలనుకున్నాం. పెరటితోటల పుస్తకం ఒకటి తీసి చూస్తే, నాటబోయే ముందు నేలలో సున్నం కలపాలని ఉంది. సున్నానికి మనకేం కొరవ? మా చిన్నాయన పిడుగురాళ్ళ సున్నపు బట్టీలో పనికి పోతాడు. అడిగి సంచెడు తెచ్చాను. నలుగురం కలిసి చల్లాం. నారు నాటిన ఇరవై రోజులకు లేత ఆకులు పసుపుపచ్చగా తిరిగాయి. ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. నీళ్ళు చాలలేదేమోనని ఇంకా పోశాం. ఇంకా పాలిపోయాయి.

సైన్సు సారు వచ్చి చూసి నవ్వారు. "ఒరేయ్, మన పల్నాడు నేల కిందంతా సున్నపురాయే గదరా! ఉన్నది చాలక మళ్ళీ పోశారా?" అన్నారు. మాచర్ల నాపరాళ్ళు, పిడుగురాళ్ళ సున్నం, మన సిమెంటు ఫ్యాక్టరీలు అన్నీ ఆ రాయి మూలంగానే. సున్నం ఎక్కువైన నేలలో ఇనుము ఉన్నా అది కరగదు, వేళ్ళకు అందదు. ఇనుము అందకపోతే ఆకులో పచ్చదనం తయారు కాదు. పాత ఆకుల్లో ఉన్న ఇనుము కొత్త ఆకులకు కదలదు గనుక లేత ఆకులే ముందు పాలిపోతాయి. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకుల మీద చల్లించారు సారు. వంగ కొంత కోలుకుంది. టమాటా పోయింది.

మరి ఆ పుస్తకం అబద్ధమా? కాదు. వానలు బాగా కురిసే కేరళ వంటి చోట్ల నేలలో పులుపు ఎక్కువ. అక్కడ సున్నమే మందు. రాసినాయన అటువంటి నేలకు సరిగ్గానే రాశాడు. ఏ నేలకు రాశావయ్యా అని నేనే అడగలేదు.

మొక్కల పుస్తకాలు మన దేశంలో చాలా పాతవి. సురపాలుడనే ఆయన సుమారు వెయ్యేళ్ళ కిందట సంస్కృతంలో 'వృక్షాయుర్వేదం' రాశాడు. దాని రాతప్రతి ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు గ్రంథాలయంలో ఉంది. 1996లో సికిందరాబాదులో ఇంగ్లీషు అనువాదంతో అచ్చయింది. మాంసం, కొవ్వు వంటివి ఉడికించి, కుళ్ళబెట్టి తయారుచేసే 'కునపజలం' అనే ఎరువు సంగతి అందులో ఉంది. మన హాస్టల్లో అది చేస్తే ఆ వాసనకు వార్డెన్ సారు మనల్ని కూడా బయటికి పంపిస్తారు!

ఇక రెండో బీరువా. ఇంగ్లీషు టీచరమ్మ జనవరిలో మాకు 'సీక్రెట్ గార్డెన్' కథ చెప్పారు. 1911లో ఫ్రాన్సిస్ హాడ్జ్‌సన్ బర్నెట్ రాసింది. మేరీ అనే పిల్ల మన దేశంలోనే పుడుతుంది. తల్లీదండ్రీ కలరాతో చనిపోతే ఇంగ్లండులో మామయ్య ఇంటికి చేరుతుంది. అక్కడ పదేళ్ళుగా తాళం వేసి ఉన్న తోట ఒకటుంది. గులాబీలన్నీ ఎండు పుల్లల్లాగా ఉంటాయి. డికన్ అనే పల్లెటూరి పిల్లోడు వచ్చి, కత్తితో కొమ్మ గీసి, లోపల పచ్చగా ఉందని చూపిస్తాడు. చచ్చిపోలేదు, బతికే ఉంది అంటాడు. కథ బాగుందని విన్నాను, అంతే.

జూన్ 12న సెలవుల నుంచి తిరిగొచ్చేసరికి మనం పెట్టిన 5 దానిమ్మ మొక్కలూ ఎండిపోయి ఉన్నాయి. ఆకు అన్నది లేదు. పీకేసి ఆ చోటు శుభ్రం చేయమన్నారు వార్డెన్ సారు. ఒకటి పీకేశాం కూడా. అప్పుడు నాకు డికన్ గుర్తొచ్చాడు. మిగతావాటి బెరడు గోటితో గీరి చూశాను. రెండింట్లో లోపల గోధుమరంగు. రెండింట్లో మాత్రం మొదలుకు దగ్గరగా పచ్చగా, తడిగా ఉంది. సారుకు చూపించాను. ఆయన కూడా ఒకచోట గీరి చూసి, "సరే, ఉంచండి" అన్నారు. వానలు పడ్డాక రెండూ చిగురేశాయి. పీకేసిన దాన్ని మాత్రం గీరి చూడలేదు. అది బతికుండేదేమో, ఇప్పటికీ గుర్తొస్తుంది.

కథల బీరువాలోనే 'వనవాసి' ఉంది. బిభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ 1939లో తెచ్చిన బెంగాలీ నవల 'ఆరణ్యక'కు సూరంపూడి సీతారాం గారి తెలుగు అది. తొమ్మిది, పది తరగతుల వాళ్ళు తప్పక చదవండి. యుగళప్రసాద్ అని ఒకాయన ఎక్కడెక్కడి పూలమొక్కలో, విత్తనాలో తెచ్చి అడవిలో నాటుతుంటాడు. భూమి ఆయనది కాదు, పైసా రాదు. కథ చెప్పే సత్యచరణ్ ఆ అడవిని ఎంతో ప్రేమిస్తాడు. కానీ అడవిని ముక్కలుచేసి సాగుకు ఇచ్చే ఉద్యోగం కూడా ఆయనదే.

సెలవుల్లో గూడెంలో మా తాతకు ఇది చదివి వినిపించాను. గడ్డ తవ్వుకున్నాక దాని తల మళ్ళీ మట్టిలో పెట్టి కప్పే మనిషి మా తాత. యుగళప్రసాద్ సంగతి వింటే ఆయనకేమీ వింతనిపించలేదు. చివర సత్యచరణ్ అడవి దేవతలను క్షమించమని వేడుకుంటాడని చదివితే మాత్రం, "అడిగితే సరిపోద్దంట్రా?" అన్నాడు. ఏం చెప్పాలో తెలియక పుస్తకం మూశాను.

వార్డెన్ సారుకు ఒక మనవి. వచ్చే మే నెలలో మేమెవ్వరం ఉండం. వంట అక్క రోజూ గిన్నెలు కడిగిన నీళ్ళు ఆ రెండు దానిమ్మలకు పోస్తానన్నది. ఆ నీళ్ళు మడిదాకా పోవాలంటే కాలవ తవ్వాలి. పలుగు, పార ఇప్పిస్తే ఈ ఆదివారమే తవ్వుతాం.