కాంతి చదివెడి పాట

పాటను పట్టి నిలుపవలెనను కోరిక మానవునకు చిరకాలమునుండి కలదు. 1877వ సంవత్సరమున ఎడిసన్ ఫోనోగ్రాఫును నిర్మించినప్పుడు ఆ కోరిక ఫలించినది. పిమ్మట గ్రామఫోను రికార్డులు వచ్చినవి. అయస్కాంతపు టేపులు వచ్చినవి. వీని యన్నింటను ఒక లోపము కలదు. సూది రికార్డును ఒరయును. టేపు యంత్రభాగములను రాచుకొనును. వినుకొలది పాట అరిగిపోవును. 1982లో సోనీ, ఫిలిప్స్ సంస్థలు రూపొందించి వెలువరించిన కాంపాక్టు డిస్కునకు ఈ బాధ లేదు. దానిని తాకునది సూది కాదు, కాంతి. 1984లో సోనీ సంస్థ ఈ డిస్కును వినిపించు యంత్రమును చేత పట్టుకొని పోదగినంత చిన్నదిగా చేసి విక్రయించినది. డిస్క్‌మన్ అను పేరుతో ప్రసిద్ధమైనది ఈ జాతి యంత్రమే.

నేడు ఫోనులలో పాటలు వినువారే హెచ్చు. అయినను ఈ యంత్రములును, మరెక్కడను దొరకని పాటలు గల డిస్కులును అనేక గృహములలో ఇంకను ఉన్నవి. అట్టిదానిని చేతికి తీసికొను బాలబాలికలు ముందుగా దాని స్వభావమును తెలిసికొనవలెను.

డిస్కు అడ్డుకొలత 12 సెంటీమీటర్లు, మందము 1.2 మిల్లీమీటర్లు. ఆ మందములో దాదాపు అంతయు గాజువలె పారదర్శకమైన ప్లాస్టికు. దానిపై మిక్కిలి పలుచని అల్యూమినియపు పూత, పూతపై రక్షణకై ఒక లేపము, దానిపై పేరు అచ్చువేసిన సిరా ఉండును. పూత క్రింద కంటికి కానరాని గుంటలు, చుట్ట చుట్టుకొన్న పామువలె, లోపలినుండి వెలుపలికి బారులు తీరియుండును. ఆ చుట్టను విప్పి చాపగలిగినచో అయిదు కిలోమీటర్లకు పైగా సాగును! లేజరు కిరణము క్రిందినుండి వచ్చి ఆ గుంటలపై పడి వెనుకకు మరలును. మరలిన కాంతిలోని హెచ్చుతగ్గులను యంత్రము అంకెలుగా గ్రహించి, ఆ అంకెలనే తిరిగి ధ్వనిగా మార్చును. ధ్వనిని సెకనుకు 44,100 మారులు కొలిచి వ్రాసిన లెక్కయే మనము వినెడి పాట.

ఇంతవరకు చదివిన విద్యార్థికి ఒక విషయము తోచియుండవలెను. మెరయు వైపును అందరును భద్రముగా చూచుకొందురు. పేరున్న వైపును బల్లపై బోర్లించి ఈడ్చుదురు, దానిపై బాల్‌పాయింటు కలముతో ఒత్తి వ్రాయుదురు. నిజమునకు సుకుమారమైనది పేరున్న వైపే. అల్యూమినియపు పూత ఆ సిరాకు అడుగుననే యున్నది. అచ్చట గీత పడినచో పూతయే లేచిపోవును. పోయిన పూతను ఎవ్వరును తిరిగి అతుకలేరు. మెరయు వైపున పడిన చిన్న గీత గుంటలకు మిల్లీమీటరునకు పైగా దూరమున నుండుటచేత కిరణము చాలవరకు దానిని దాటి చూడగలదు.

డిస్కును తుడుచుటలో ఒక మర్మము కలదు. మా వీథి బాలుడొకడు కంచము తోమినట్లు డిస్కును గుండ్రముగా తోముచుండగా చూచితిని. అది తగదు. మెత్తని శుభ్రమైన గుడ్డతో నడుమనుండి అంచునకు, బండిచక్రపు ఆకులవలె, తిన్నగా తుడువవలెను. కారణము వినుడు. పురుగు కొట్టిన తాళపత్రములో ఒక్క అక్షరము లోపించినచో పండితుడు యతిని, ప్రాసను, గణములను చూచి దానిని పూరింపగలడు. పాదమంతయు పోయినచో ఏమి చేయగలడు? డిస్కులోని అంకెలలోను ఇట్టి పూరణకు ఏర్పాటు చేయబడినది. అడ్డముగా పడిన గీత ఒక్కొక్క చుట్టులో కొలది భాగమునే చెరచును. యంత్రము దానిని పూరించుకొనును. చుట్టు వెంబడి సాగిన గీత పాదములనే మ్రింగివేయును.

నడుచుచు వినునప్పుడు కుదుపునకు కిరణము దారి తప్పును. దీనికై యంత్రములో ఒక ఉపాయము చేసిరి. డిస్కును వేగముగా త్రిప్పి, కొన్ని సెకనుల పాటను ముందుగా చదివి, తొట్టిలో నీరువలె నిల్వ చేయుదురు. కుదుపు వచ్చినప్పుడు నిల్వనుండి పాట సాగుచుండగా కిరణము తన దారిని వెదకికొనును. కాని చాల యంత్రములలో దీనివలన బ్యాటరీ త్వరగా తరుగును. కొన్నింటిలో నిల్వకొరకు పాటను కుదించుటచేత నాదములోని నాణ్యము కొంత తగ్గును. ఇంట బల్లపై ఉంచి తంబుర శ్రుతితో కూడిన కచేరీని వినువారు ఆ మీటను ఆపుట మేలు. క్రొత్త బ్యాటరీతో పాతదానిని జతచేయరాదు. చాలకాలము వాడనిచో బ్యాటరీలను తీసివేయవలెను. లేనిచో అవి కారి యంత్రమును తినివేయును. మూత తెరచి కిరణమును చూడ యత్నింపరాదు. అది కంటికి దాదాపు కనబడదు, అందుచేతనే ప్రమాదకరము.

చెవుల మాట మరువరాదు. బస్సు రొదలో పాట వినబడుటలేదని ధ్వనిని హెచ్చించుట పలువురి అలవాటు. ప్రపంచ ఆరోగ్య సంస్థయు, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘమును 2019లో వెల్లడించిన ప్రమాణము ప్రకారము పెద్దలు 80 డెసిబెల్లుల ధ్వనిని వారమునకు 40 గంటలు వినవచ్చును; బాలురకు 75 డెసిబెల్లులే హద్దు. ధ్వని 3 డెసిబెల్లులు పెరిగినప్పుడెల్ల వినదగిన కాలము సగమగును. లోచెవిలోని సూక్ష్మకణములు నశించినచో మరల పుట్టవు.

ఇండ్లలో వ్రాసికొనెడి డిస్కులు వేరు జాతివి. వానిలో గుంటలకు మారుగా ఒక రంగుపొర యుండును. ఎండ దానికి శత్రువు. మాకు తెలిసిన యొక యింట, పెండ్లినాడు అవ్వగారు పాడిన మంగళహారతులను అట్టి డిస్కుపై పట్టి, కిటికీ గట్టున ఉంచిరి. రెండు వేసవులు గడచినవి. అవ్వగారు గతించిన పిమ్మట డిస్కును యంత్రములో ఉంచగా అది ఒక్క పాటనైనను గుర్తింపలేదు. వేరు ప్రతి లేదు. ఆ పాటలలో రెండు మాత్రము ఆమె కుమార్తెకు నోటికి వచ్చును.

మీ యింట ఇట్టి డిస్కులున్నచో ఈ వారమే పెద్దల యనుమతితో కంప్యూటరులో ఎక్కించి, రెండుచోట్ల ప్రతులు ఉంచుడు. అసలు డిస్కును దాని పెట్టెలోనే, నిలువుగా, ఎండయు తేమయు తగులని బీరువాలో భద్రపరచుడు.